ఆకుపచ్చ గోడ మీద తెల్లమచ్చ

మ్యూజియంలో ఆ బొమ్మ ముందు ఆగిన ప్రతివాళ్ళూ ఒకటే మాట అంటారు. "పాపం, ఎంత ఒంటరిదో." కోటు చేతిమీద వేసుకుని, తల కాస్త పక్కకి వాల్చి, చర్చిలో అన్నట్టు మెల్లగా అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. గస్సీ వోగెల్‌కి ఒంటరితనం తెలియదని కాదు. తర్వాత్తర్వాత కావలసినంత తెలిసింది. కానీ ఆ బొమ్మలో కిటికీ పక్కన కూర్చున్న గస్సీ మాత్రం ఒంటరిది కాదు. ఆ పొద్దున ఆమెకి ఎదురుగా, టేబుల్‌కి అవతల, మొగుడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. నేను గుమ్మంలో నిలబడి చూశాను.

నా పేరు ఫిలొమీనా డేసీ. ఫిల్ అంటే చాలు. మా ఆయన మార్టిన్, జోన్స్ వీధిలో ఒక ఐదంతస్తుల ఇంటిని చూసుకునేవాడు. బాయిలర్‌కి బొగ్గు వేయడం, మెట్లు కడగడం, కారే కుళాయిలు బిగించడం, అద్దెకున్నవాళ్ళ చేత తిట్లు తినడం, అన్నీ ఆయనే. మేము అడుగున, సగం నేలలోకి దిగిన గదుల్లో ఉండేవాళ్ళం. మా కిటికీలోంచి చూస్తే మనుషుల మోకాళ్ళూ బూట్లే కనబడేవి. బూట్లని బట్టి ఎవరు వస్తున్నారో, ఏ మూడ్‌లో వస్తున్నారో చెప్పేసేదాన్ని.

గస్సీ, ఆమె మొగుడు ఎర్విన్ మా ఇంటికి వచ్చింది అక్టోబరు ఒకటిన. ఆ రోజుల్లో ఊరంతా ఆ ఒక్కరోజే ఇళ్ళు మారేది. అద్దె ఒప్పందాలన్నీ ఆ పొద్దుటితోనే అయిపోయేవి. పొద్దునకల్లా వీధిలో నడవడానికి చోటుండేది కాదు. మంచాలు, అద్దాలు, పంజరాల్లో పిట్టలు, కుర్చీ మీద ఎవరి ముసలమ్మో, అన్నీ వీధిలోనే. ఇక పెట్టెల సంగతి. సెప్టెంబరంతా అందరూ మూలమీది పచారీ కొట్టువాణ్ణే బతిమాలి నారింజపళ్ళ పెట్టెలు తెచ్చుకునేవారు. అందువల్ల ఆ వీధిలో కిందికి దిగే పెట్టే, పైకి ఎక్కే పెట్టే అన్నీ ఒకటే పెట్టెలు, అన్నింటిమీదా అదే నారింజకాయ బొమ్మ.

ఎర్విన్ రొట్టెలు కాల్చే బేకరీలో రాత్రి పనివాడు. ఆ పొద్దున రాత్రంతా పొయ్యి ముందు నిలబడి తిన్నగా వచ్చి సామాను మోశాడు. నిద్రమత్తులో ఒక పెట్టెని తమ గదిలోకి ఎక్కించే బదులు, మూడో అంతస్తు ఖాళీ చేసి పోతున్నవాళ్ళ బండిలోకి అందించాడు. వాళ్ళ పెట్టె ఒకటి వీళ్ళ వంటింట్లోకి వచ్చి కూర్చుంది. సాయంత్రం గస్సీ మూత తీస్తే అందులో మీటలు ఊడిన, తిత్తి నొక్కి వాయించే పాత అకార్డియన్, ఒక జత మంచు బూట్లు. వీళ్ళ పెళ్ళి ఫోటో, ఎర్విన్ వాళ్ళమ్మ ఫోటో, సముద్రం ఒడ్డున ఇద్దరూ గొడుగు కింద తీయించుకున్నది, ఉన్నవన్నీ ఆ పెట్టెతో బ్రూక్లిన్ వెళ్ళిపోయాయి. బ్రూక్లిన్‌లో ఎక్కడికంటే ఎవరికీ తెలియదు.

గస్సీ ఏడుస్తుందేమో అని నేను సూప్ పట్టుకుని పైకి వెళ్ళాను. వెళ్తే ఇద్దరూ నేలమీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

"చూశారా డేసీ గారూ," అన్నాడు ఎర్విన్, "బ్రూక్లిన్‌లో ఎవరో ఇప్పుడు మా పెళ్ళి ఫోటో గోడకి తగిలించుకుని, ఈ లావుపాటివాడు మనకేమవుతాడా అని బుర్ర బద్దలు కొట్టుకుంటుంటారు."

"నవ్వకు. నీ నిద్రమొహం వల్లే ఇదంతా," అంది గస్సీ, తనే నవ్వుతూ.

"పోతే పోయిందిలేవే. మళ్ళీ తీయించుకుందాం. ఈసారి గొడుగు లేకుండా."

మళ్ళీ తీయించుకోలేదు. ఈ వారం, వచ్చే వారం అనుకుంటూ గడిపేశారు. మనందరం అంతే కదా.

గస్సీ టోపీలు తయారుచేసే చోట పనిచేసేది. రిబ్బన్లు, ఈకలు, గుడ్డపువ్వులు కుట్టడం ఆమె పని. పొట్టిగా, నిటారుగా, ఎప్పుడూ ఏదో కూనిరాగం తీస్తూ ఉండేది. ఈస్టర్‌కి నా పాత టోపీ తీసుకెళ్ళి దానికో కొత్త అవతారం ఇచ్చేది. నా నెత్తిన ఆమె పెట్టని పువ్వు లేదు. ఒక ఏడాది పిట్టని కూడా పెట్టింది. దాన్ని చూసి మార్టిన్ చర్చిలో నా పక్కన కూర్చోనన్నాడు.

ఆమె పగటి పని, ఆయన రాత్రి పని. మొగుడూ పెళ్ళాం కలిసి కూర్చునేది పొద్దున ఒక్క కాసేపే. ఆయన ఇంటికి వస్తూ దారిలో మా కిటికీ కమ్మీని బూటు కొనతో తట్టి, వేడి బన్ను కాగితంలో చుట్టి గట్టు మీద పెట్టి పోయేవాడు. కనుబొమల నిండా పిండి. ఆ బన్ను వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. తర్వాత పైన వాళ్ళ కిటికీ తెర చుట్టుకుని పైకి పోయిన చప్పుడు వినబడేది. ఇద్దరూ కిటికీ పక్కన చిన్న టేబుల్ దగ్గర కూర్చునేవాళ్ళు. ఆయన రాత్రి కబుర్లు చెప్పేవాడు, ఆమె పగలు చేయబోయే పనులు చెప్పేది. తర్వాత ఆమె టోపీ పెట్టుకుని పనికి, ఆయన మంచం మీదికి.

ఎదురింటి పైఅంతస్తులో ఆరిన్ టాస్కర్ అని ఒక చిత్రకారుడు ఉండేవాడు. పొడుగ్గా, ఎండు కట్టెలా, ఇంట్లో కూడా టోపీ తీయని మనిషి. మాట్లాడితే నోరెక్కడ అరిగిపోతుందో అన్నట్టు మాట్లాడేవాడు. ఆయన వేసేవన్నీ ఊరి బొమ్మలే. కిటికీలు, మెట్లు, హోటల్ గదులు, పొద్దుటి ఎండలో ఖాళీగా ఉన్న దుకాణాలు. మనుషులు ఉంటే ఒకరు, మహా అయితే ఇద్దరు. యుద్ధంలోకి మనవాళ్ళు దిగబోయే ముందు వసంతంలో ఒక పొద్దున ఆయన వీధి దాటి వచ్చి వోగెల్‌ల తలుపు కొట్టాడు. నేను అప్పుడే వాళ్ళ కుళాయి సంగతి కనుక్కుందామని వెళ్ళి అక్కడే ఉన్నాను.

"పొద్దున మీ కిటికీ తెర దించకండి," అన్నాడు.

"ఎందుకు సార్?" అన్నాడు ఎర్విన్.

"బొమ్మ వేస్తున్నాను."

"మమ్మల్నా? మేమంత అందంగా ఉన్నామా?"

"అందం కాదు. ఆ వెలుతురు బాగుంది."

ఆయన వెళ్ళాక ఎర్విన్ టేబుల్ మీద చరిచి నవ్వాడు. "విన్నావా గస్సీ? మనం కాదట, వెలుతురట. దానికి అడ్డం రాకుండా కూర్చుంటే చాలట."

టాస్కర్ పద్ధతి ఇదీ. తన కిటికీకి ఒక తెల్లగుడ్డ కట్టేవాడు. గుడ్డ కనబడినంతసేపూ వీళ్ళు కదలకూడదు. గుడ్డ తీసేస్తే ఇష్టమొచ్చినట్టు కదలొచ్చు. నాలుగు రోజుల్లో వీధి మొత్తానికి ఆ గుడ్డ సంగతి తెలిసిపోయింది. ఐసు బండివాడు కింద నుంచి తల పైకెత్తి, "ఎర్విన్, నీ ముక్కు మీద ఈగ వాలింది, తోలకు," అని అరిచేవాడు. ఎర్విన్ భుజాలు నవ్వుతో ఊగేవి. వెంటనే ఎదురింటి నుంచి టాస్కర్ దగ్గు వినబడేది. అదే ఆయన తిట్టు.

రాత్రంతా పొయ్యి ముందు నిలబడినవాణ్ణి కదలకుండా కూర్చోమంటే ఏం చేస్తాడు? నిద్రపోతాడు. ఒక పొద్దున నేను ఏదో చెప్పడానికి పైకి వెళ్ళి తలుపు తోశాను. ఎర్విన్ తెల్ల పనిబట్టల్లోనే ఉన్నాడు. తల ఆకుపచ్చ గోడకి ఆనించి గుర్రు పెడుతున్నాడు. చేతిలో నిండా కాఫీ ఉన్న కప్పు. అది మెల్లగా వాలుతోంది. గస్సీ కళ్ళు ఆ కప్పు మీద. ఎదురింట్లో గుడ్డ కట్టి ఉంది కనుక లేవడానికి లేదు. చెయ్యి మాత్రం టేబుల్ మీదుగా సగం దాకా చాపి ఆపింది.

"లోపలికి రాకు ఫిల్," అంది పెదాలు కదపకుండా. "ఈ కప్పు ఒలికిందంటే నా పెళ్ళినాటి టేబుల్ గుడ్డ పోయినట్టే. నాకు ఉన్నది అదొక్కటే."

"ఒక్క తన్ను తన్నవే కాలితో."

"ఎలా తన్నను? ఎదురింటాయన చూస్తున్నాడు."

అదీ ఆ చూపు. అదీ ఆ చెయ్యి. తర్వాత రోజుల్లో పెద్దపెద్ద చదువులు చదివినవాళ్ళు, ఆమె అందని దేనికోసమో చెయ్యి చాపింది అని రాశారు. టేబుల్ గుడ్డ కోసం చాపింది.

వేసవి రాకముందే ఎదురింటి కిటికీలో గుడ్డ కనబడడం మానేసింది. బొమ్మ అయిపోయిందన్నమాట. ఒకరోజు ఎర్విన్ వీధిలో టాస్కర్‌ని ఆపాడు. మా కిటికీ ముందే.

"ఎలా వచ్చాను సార్ బొమ్మలో?"

"నువ్వు నిద్రపోయావు."

"నిద్రలో అందగాణ్ణేనా, లేదా?"

టాస్కర్ టోపీ కాస్త పైకెత్తి మర్యాద చేసి, జవాబు చెప్పకుండా వెళ్ళిపోయాడు. బొమ్మని చికాగోలో ఎవరో ధనవంతుడు కొనుక్కున్నాడని తర్వాత తెలిసింది. మేమెవరమూ దాన్ని చూడలేదు.

యుద్ధం వచ్చింది. ఎర్విన్ సరుకుల ఓడలో రొట్టెలు కాల్చేవాడిగా వెళ్ళాడు. "ఎక్కడికెళ్ళినా పొయ్యి దగ్గరే కదా, నాకు చలెక్కడిది?" అని పెళ్ళానికి నచ్చజెప్పాడు. ఆయన వెళ్ళేముందు ఒక్క ఫోటో తీయించుకుందామంది గస్సీ. ఆయన తల తడుముకున్నాడు. "ఆ మంగలి నా జుట్టు ఎలా కోశాడో చూడు. వచ్చాక తీయించుకుందాంలే. జుట్టు పెరుగుతుంది." ఓడ పని కోసం తీసిన చిన్న ఫోటో ఒకటి ఆయన కార్డు మీద ఉండేది. ఆ కార్డు ఆయన జేబులోనే ఉంది. ఆ చలికాలం ఉత్తరపు సముద్రంలో ఓడ మునిగింది. ఒక్కరు కూడా బయటపడలేదు.

కబురు వచ్చిన రోజు నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె, "ఫోటో బ్రూక్లిన్‌లో, బొమ్మ చికాగోలో, మనిషి సముద్రంలో. నా దగ్గరేముంది ఫిల్?" అంది.

ఆమె దగ్గర ఉన్నది ఆ పాత అకార్డియన్. దాన్ని పారేయలేదు. ఎర్విన్ దాంతో పిల్లి అరుపుల్లాంటి శబ్దాలు తీసి అందర్నీ ఏడిపించేవాడు.

తర్వాత కొన్నేళ్ళు గస్సీ ఎప్పటిలాగే పనికి వెళ్ళింది, వచ్చింది, నా టోపీలకి పువ్వులు కుట్టింది. పొద్దున తెర పైకెత్తి, ఎదురు కుర్చీ ఖాళీగా పెట్టుకుని కాఫీ తాగేది. బాగానే ఉంది అనుకున్నాను. ఒకరోజు బట్టలు ఆరేస్తుంటే డాబా మీద ఉన్నట్టుండి అడిగింది.

"ఫిల్, ఎర్విన్ కనుబొమలు కలిసి ఉండేవా, విడిగా ఉండేవా?"

నేను నోరు తెరిచాను. పిండి గుర్తుంది, నవ్వు గుర్తుంది, బూటు చప్పుడు గుర్తుంది. కనుబొమలు గుర్తు రాలేదు. "కలిసే ఉండేవనుకుంటానే," అన్నాను.

"అనుకుంటావా? నేనూ అంతే. అనుకుంటాను. మొన్నటిదాకా తెలుసు నాకు." ఆమె చేతిలో తడి దుప్పటి అలాగే ఉండిపోయింది. "మొహం పోతోంది ఫిల్. కొంచెం కొంచెంగా పోతోంది. ఆ బొమ్మ ఒక్కసారి చూస్తే చాలు నాకు. ఇంకేం అక్కర్లేదు."

టాస్కర్‌ని అడిగింది కూడా. ఆయన "అది అమ్ముడుపోయింది" అని ఊరుకున్నాడు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. అప్పుడే చెప్పి ఉంటే బాగుండేది. ఆయన మీద నా కోపం ఆ విషయంలో ఇప్పటికీ చల్లారలేదు.

చికాగో ధనవంతుడు పోయాక బొమ్మ మా ఊరి మ్యూజియంకి వచ్చింది. టాస్కర్ బొమ్మలన్నీ కలిపి పెడుతున్నారని పేపర్లో పడింది. గస్సీ తన టోపీకి కొత్త రిబ్బన్ కుట్టుకుంది. అద్దం ముందు నిలబడి పెదాలకి రంగు వేసుకుంది. మొగుణ్ణి చూడబోతోంది కదా. దారి పొడుగునా బస్సులో నా చెయ్యి వదల్లేదు.

బొమ్మ పెద్ద గోడ మధ్యన ఉంది. కిటికీ అదే, ఎండ అదే, టేబుల్ గుడ్డ అదే. గస్సీ ఉంది, నిటారుగా, చెయ్యి సగం చాపి. ఎదురు కుర్చీ ఖాళీ. కుర్చీ వెనక వట్టి ఆకుపచ్చ గోడ. కప్పు కూడా లేదు.

మా పక్కన ఒకావిడ పదిమందిని వెంటేసుకుని వివరించి చెబుతోంది. మహానగరంలో మనిషి ఎంత ఏకాకో ఈ స్త్రీ ముఖంలో చూడవచ్చునంటోంది. అందరూ తలలూపుతున్నారు. ఆ స్త్రీ వాళ్ళ పక్కనే కొత్త రిబ్బన్ టోపీ పెట్టుకుని నిలబడిందని ఒక్కరికీ తెలియదు.

"ఫిల్," అంది గస్సీ చాలా చిన్నగా, "అది నేనే. మరి ఆయనేడీ?"

నేను ఆ వివరించే ఆవిడ మీదికి వెళ్ళబోయాను. గస్సీ నా కోటు పట్టుకుని లాగింది. నన్ను బయటికి తీసుకొచ్చి మెట్ల మీద కూర్చోబెట్టింది.

"ఎర్విన్ నా ఎదురుగా కూర్చుని ఉండగానే ఆ మనిషి నన్ను విధవని చేశాడు," అంది. "బొమ్మలో ముందు చేశాడు. తర్వాత నిజమైంది."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి వీధివైపు కిటికీ తెర కిందికి లాగేసింది. ఇక ఎత్తలేదు. ఏళ్ళ తరబడి ఆ కిటికీ అలాగే మూసి ఉంది. పొద్దుటి ఎండంటే ప్రాణమిచ్చే మనిషి లైటు వేసుకుని కాఫీ తాగేది. టాస్కర్ వీధిలో ఎదురైతే అవతలి పక్కకి వెళ్ళిపోయేది. నేను కూడా వెళ్ళిపోయేదాన్ని, కాకపోతే ముందు ఆయన్ని ఒక చూపు చూసి.

మార్టిన్ పోయాడు. బొగ్గు బాయిలర్లు పోయాయి. ఐసు బండ్లు పోయాయి. అక్టోబరు ఒకటిన ఇళ్ళు మారే అలవాటు కూడా ఎప్పుడు పోయిందో పోయింది. ఆ బేకరీ ఉన్న చోట చెప్పుల దుకాణం వచ్చింది. నాకూ గస్సీకీ మోకాళ్ళ నొప్పులు వచ్చాయి.

ఒకరోజు పెద్ద వాన పట్టుకుంటే నేను ఆ మ్యూజియంలోకి దూరాను. వానకే దూరాను, కళకి కాదు. ఎలాగూ వచ్చాను కదా అని గస్సీ బొమ్మ దగ్గరికి వెళ్ళాను. వెళ్ళి అక్కడే నిలబడిపోయాను. ఖాళీ కుర్చీ వెనక ఆకుపచ్చ గోడ మీద ఒక మచ్చ. తెల్లగా, పలచగా, పిండి చల్లి ఊదేసినట్టు. అక్కడ కాపలా ఉండే గాడిస్ గారు మంచి మనిషి. ఆయన్ని పిలిచి అడిగాను.

"ఏమిటండీ అది? తడి తగిలిందా?"

"తడి కాదమ్మా. పైన పూసిన రంగు పాతబడితే పలచబడుతుందట. అడుగున ముందు వేసింది ఏదైనా ఉంటే బయటికి వస్తుందట. మా పెద్దాయన చెప్పాడు."

మెట్లు దిగడం కూడా గుర్తులేదు నాకు. వానలోనే ఇంటికి వచ్చి గస్సీ తలుపు బాదాను.

"నీ మొగుడు గోడలోంచి బయటికి వస్తున్నాడే."

"నీకు జ్వరం వచ్చింది. పడుకో పో," అంది.

కానీ మర్నాడు వచ్చింది. టోపీ మామూలుదే పెట్టుకుంది. బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "భుజం," అంది. ఇంకాసేపటికి, "ఇది ఎడమ భుజం. పొయ్యిలోకి రొట్టెల పలక తోసీ తోసీ ఆ భుజం కొంచెం కిందికి ఉండేది," అంది. ఆ తర్వాత ఆమె ఏడ్చింది. ఎర్విన్ పోయిన కబురు వచ్చిన రోజు కూడా నేను చూడని ఏడుపు అది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం వెళ్ళేది. ఒక్కోసారి నేనూ వెళ్ళేదాన్ని. మచ్చ మెల్లగా పెరిగేది. భుజం పైన మెడ, మెడ పైన చెవిలాంటిది. గాడిస్ గారు ఆమె కోసం బెంచీ కాస్త దగ్గరికి జరిపి పెట్టేవాడు. ఆయనే ఒక ఆదివారం మొహం వేలాడేసుకుని ఎదురొచ్చాడు.

"వోగెల్ గారూ, మీకు చెప్పకుండా ఉండలేను. వచ్చే నెల ఈ బొమ్మని కిందికి దింపుతారట. గోడ మచ్చ పడిందని పైన రంగు వేసి సరిచేస్తారట. బొమ్మ వేసినాయన కూడా సరేనన్నాడట."

గస్సీ తిన్నగా జోన్స్ వీధికి వచ్చి, ఎదురింటి మెట్లు ఎక్కింది. నేను వెనకాలే. మోకాళ్ళు పట్టుకుంటూ ఎక్కాం ఇద్దరం. టాస్కర్ తలుపు తీశాడు. అదే టోపీ. మనిషి మాత్రం సగం అయిపోయాడు.

"మిసెస్ వోగెల్," అన్నాడు. "మీరు తెర దించేసి చాలా ఏళ్ళయింది."

"గమనించారా?"

"కిటికీలు చూడడం తప్ప నాకు వేరే పనేముంది?"

"ఆయన్ని ఎందుకు తీసేశారు?"

టాస్కర్ చేతికర్ర ఊతంగా కుర్చీలో కూర్చున్నాడు. "ఆయన నిద్రపోతున్నాడు. మీరు ఆయన్ని చూస్తున్నారు. ఆయన ఉంటే జనం ఆయన్నే చూస్తారు. లేకపోతే మీ చూపుని చూస్తారు. బొమ్మకి అది మంచిదనిపించింది."

"నాకు మంచిది కాదు."

"అవును. మీకు కాదు."

నేను ఆగలేకపోయాను. "బల్ల మీద పిండి తుడిచినట్టు తుడిచేశారు మనిషిని," అన్నాను.

"తుడవలేదమ్మా. తుడిచి ఉంటే ఇప్పుడు ఈ గొడవ ఉండేది కాదు. బద్ధకించి పైన పలచగా పూశాను. అందుకే మచ్చ పడింది."

"అది మచ్చ కాదు, ఎర్విన్," అంది గస్సీ. "నా దగ్గర ఆయన ఫోటో ఒక్కటి కూడా లేదు. మీకు తెలుసో లేదో. పెళ్ళినాటిది కూడా లేదు. ఉన్నదంతా ఆ గోడలోనే ఉంది. రంగు వేయనివ్వకండి. వేయమనాలనుకుంటే, ముందు ఒక్కసారి వచ్చి చూసి, తర్వాత అనండి."

ఆయన వస్తాడని నేను అనుకోలేదు. కానీ మర్నాడు వచ్చాడు. టాక్సీలో ముగ్గురం వెళ్ళాం. బొమ్మ ముందు నిలబడి ఆయన టోపీ తీశాడు. ఆయన నెత్తిన జుట్టు ఎలా ఉంటుందో నేను చూడడం అదే మొదటిసారి. కాసేపు దూరం నుంచి, కాసేపు దగ్గర నుంచి చూశాడు. గాడిస్ గారు గోడ పక్కన నిలబడ్డాడు.

"ఒకసారి నేనే వెళ్ళగొట్టాను," అన్నాడు టాస్కర్. "తనంతట తనే వచ్చి కూర్చున్నాడు. మళ్ళీ వెళ్ళగొట్టే ఓపిక నాకు లేదు." గాడిస్ గారి వైపు తిరిగి, "మీ పెద్దవాళ్ళతో చెప్పండి. నేను సరేనన్నది వెనక్కి తీసుకుంటున్నాను. ఆ గోడ ఎవరూ ముట్టుకోవద్దు," అన్నాడు.

గస్సీ బెంచీ మీద కూర్చుండిపోయింది. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, దాని పిడిని తిప్పుతూ అడిగింది.

"టాస్కర్ గారూ, ఒక్క సంగతి. ఆయన కనుబొమలు కలిసి ఉండేవా, విడిగా ఉండేవా?"

ఆయన ఆలోచించలేదు కూడా. "కలిసి ఉండేవి. పిండి అంటుకుని అడ్డంగా ఒకే గీతలా ఉండేవి. ఎడమది కాస్త ఎత్తు. నిద్రలో కూడా ఏదో నవ్వు మాట చెప్పబోతున్నట్టు. అవి సరిగ్గా రావడానికి నాకు వారం పట్టింది."

గస్సీ కళ్ళు మూసుకుంది. చాలాసేపు మూసుకునే ఉంది. ఆ రెప్పల వెనక ఎవరో కూర్చున్నారని నాకు తెలుసు.

మర్నాడు పొద్దున నేను గుమ్మం ముందు తుడుస్తుంటే పైన తెర చుట్టుకుని పైకి పోయిన చప్పుడు వినబడింది. ఎన్నేళ్ళ తర్వాతో. తల ఎత్తాను. గస్సీ కిటికీ పక్కన కూర్చుంది, ఎండ మొహం మీద పడుతోంది. ఎదురింటి వైపు చూశాను. పైఅంతస్తు కిటికీకి తెల్లగుడ్డ కట్టి ఉంది. ఆయన చేతులు వణికి కుంచె పట్టలేని స్థితిలో ఉన్నాడని వీధిలో అందరికీ తెలుసు. అయినా గుడ్డ కట్టాడు. గస్సీ కదలకుండా కూర్చుంది, చెయ్యి టేబుల్ మీద సగం దాకా చాపి. నేను చీపురు గోడకి ఆనించి, ఆ గుడ్డ తీసేదాకా అక్కడే నిలబడ్డాను.

ఆ చలికాలమే టాస్కర్ పోయాడు. గస్సీ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. ఇప్పుడు ఆమె కూడా లేదు. ఆ అకార్డియన్ నా దగ్గరే ఉంది.

మొన్న ఆదివారం వెళ్ళాను. గాడిస్ గారి బదులు కొత్త కుర్రాడున్నాడు గానీ బెంచీ మాత్రం అక్కడే ఉంది. ఒక అమ్మాయి బొమ్మ ముందు నిలబడి, "పాపం, ఎంత ఒంటరిదో," అంది.

"ఇలా రా అమ్మాయ్," అన్నాను. "నా పక్కన కూర్చో. ఆమెని కాదు, ఎదురుగా గోడని చూడు. తొందరపడకు."

ఆ అమ్మాయి చూసింది. ముందు ఏమీ కనబడలేదంది. తర్వాత ముందుకి వంగింది. భుజం కనబడిందంది, తల కనబడిందంది. నేను అప్పటిదాకా చూడనిది కూడా ఆమే చూసింది. అంచున, తెల్లటి టేబుల్ గుడ్డ మీద, చిన్న గుండ్రటి నీడ.

"అదేమిటండీ, కప్పులా ఉంది?"

"కప్పే," అన్నాను. "జాగ్రత్త. నిండా కాఫీ ఉంది."

గస్సీ చెయ్యి ఇంకా అక్కడే ఉంది, దానికి జానెడు దూరంలో.